డిగ్రీ అయిపోతున్న అమ్మాయి లెక్చరర్ అవుతానంటోంది. "ఇంకెన్నేండ్లు?" అని తండ్రి అడిగితే ఏం చెప్పాలి?

దేవరకొండ సోషల్ సార్

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆరో తరగతి నుంచి పది దాకా నా దగ్గర చదివిన ఒక అమ్మాయి గురించి అడుగుతున్నాను.

తండా పిల్ల. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి సీజన్లో పత్తి ఏరడానికి పోతుంది. ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఈ అమ్మాయే. పదో తరగతిలో ఒకరోజు నాగార్జునసాగర్ గురించి చెప్తుంటే లేచి నిలబడి, "డ్యాం మన జిల్లాలనే ఉంది కద సార్, మన తండాకు నీళ్లెందుకు రావు?" అని అడిగింది. మనది ఎత్తు ప్రాంతం, ఎడమ కాలువ పల్లం వెంట పోతుంది అని చెప్పాను. ఊరుకుంది. మరునాడు స్టాఫ్ రూం గడప దగ్గరికి వచ్చి, "ఎత్తు మీదికి ఎక్కియ్యాలంటే ఎంతవుతదో ఎవరన్న లెక్క కట్టిన్రా సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను రాత్రి ఇంటికెళ్లి పుస్తకాలు వెతికేలా చేసిన పిల్లలు ముగ్గురో నలుగురో, అందులో ఈమె ఒకరు.

ఇప్పుడు నల్లగొండలో హాస్టల్లో ఉండి బీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్. తెలుగు మీడియం. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, "సార్, నేను డిగ్రీ కాలేజీల పాఠం చెప్త. ఎంఏ చేస్త, పీహెచ్‌డీ చేస్త" అంది. నాకు చాలా సంతోషం వేసింది. కానీ సాయంత్రం వాళ్ల నాయన స్కూల్ గేటు దగ్గర ఆటో ఆపి అడిగాడు: "డిగ్రీ అయితే అయిపోతదన్నరు సార్. ఇప్పుడు ఇంకేదో అంటుంది. ఇంకెన్నేండ్లు? పైసలు ఏడికెళ్లి తేవాలె?"

ఆయన కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను చదివింది డిగ్రీ, బీఈడీ. డీఎస్సీ రాసి వచ్చాను. ఆ దారి అయితే కండ్లు మూసుకుని చెప్తాను. యూనివర్సిటీ దారి నాకు తెలియదు. ఉత్త ధైర్యం చెప్పి పంపడం ఇష్టం లేక, "వారం ఆగు, కనుక్కొని చెప్తా" అన్నాను. మీలో ఎవరైనా సర్కారు బడి నుంచి ఆ దారిన పోయినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

నల్లగొండ ఫిజిక్స్

సార్, మీరు అడిగారు కాబట్టి చేదుగా ఉన్నా చెప్తాను. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్, రాష్ట్రం పెట్టే లెక్చరర్ అర్హత పరీక్ష సెట్ పాసయ్యాను, పీహెచ్‌డీ ఉంది. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగంలోనే ఉన్నాను. ఏటా జూన్ వస్తే రెన్యువల్ అవుతుందా లేదా అని టెన్షన్. నాకు పాఠం చెప్పడం అంటే ప్రాణం. ఆప్టిక్స్ ల్యాబ్‌లో న్యూటన్ రింగ్స్ మొదటిసారి కనపడ్డప్పుడు పిల్లల మొహం చూడటానికి నేను సగం జీతానికైనా వెళ్తాను, వెళ్తున్నాను కూడా. కానీ నా భార్య, పిల్లలు దానికి ఒప్పుకోవాల్సిన అవసరం లేదు కదా.

డిగ్రీ కాలేజీల రెగ్యులర్ నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు రావు. అదే స్కూల్ టీచర్ పోస్టులు చూడండి, 2024 డీఎస్సీ ఒక్కదానిలోనే 11,062. తండ్రి ఆటో మీద బతికే ఇల్లు. ముందు బీఈడీ చేయించండి, టెట్ రాయించండి. ఉద్యోగం వచ్చాక పీజీ ఎక్కడికీ పోదు. అమ్మాయి తెలివైనదే, అందులో అనుమానం లేదు. తెలివైనవాళ్లే ఈ దారిలో ఎక్కువ ఏళ్లు పోగొట్టుకుంటున్నారు, నా బాధ అది.

పేట ఎకనామిక్స్

సార్, మీ ప్రశ్న మొన్ననే చూశాను. రెండు రోజులు ఆగి రాస్తున్నాను. "ఇంకెన్నేండ్లు" అనే మాట మా ఇంట్లో నా వెనక పదిహేనేళ్లు తిరిగింది. తొందరపడి జవాబివ్వాలనిపించలేదు.

మాది నారాయణపేట. ఇప్పుడు జిల్లా అయింది కానీ నేను చదివేటప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మూల. గుంట మగ్గం ఇల్లు. నాయన నేస్తాడు, అమ్మ నేతకు దారం కండెలు చుడుతుంది. మా దగ్గర ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగుల మీద, ఎనిమిది చీరలు దిగుతాయి. ఎనిమిదీ దిగి, సావుకారుకు అప్పజెప్పాకే మజూరి చేతికొస్తుంది. అందుకని మా ఇంట్లో తారీఖులు ఉండేవి కావు. నోట్‌బుక్కులు కావాలన్నా, ఎగ్జామ్ ఫీజు అన్నా నాయన మాట ఒకటే: "ఈ పడుగు దిగనీ." కాలేజీ వాళ్లు మాత్రం పడుగు దిగేదాకా ఆగరు. ఇంటర్‌లో రెండుసార్లు లేట్ ఫీజుతో కట్టాం. సార్, ముందుగా మీకు చెప్పదలుచుకున్నది ఇదే. ఆ తండ్రి అడుగుతున్నది ఏళ్ల లెక్క కాదు. పైసలు ఎన్నడు పోతాయి, ఎన్నడు వస్తాయి అని. ఆ లెక్క చెప్పొచ్చు, నాది చెప్తాను.

2004లో పదో తరగతి. 2006లో ఇంటర్ సీఈసీ, సర్కారు కాలేజీ. 2009లో మహబూబ్‌నగర్‌లో బీఏ, బీసీ హాస్టల్. ఇక్కడిదాకా నాయన ఖర్చు బస్సు చార్జీలు, బట్టలు, పరీక్ష ఫీజులు. తర్వాత ఉస్మానియాలో ఎంఏ ఎకనామిక్స్. ఎంట్రన్స్ సంగతి నాకు చెప్పింది కాలేజీ వాళ్లు కాదు, మా హైస్కూల్ సోషల్ సారే. మీలాగే ఆయనకూ యూనివర్సిటీ దారి తెలియదు. పేపర్లో ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. మగ్గం గుంట అంచున కూర్చుని నాయనకు చదివి వినిపించారు.

ఎంఏ మొదటి నెలలు నా జీవితంలో అతి కష్టమైనవి. పైసల కష్టం కాదు. క్లాసులో మేడమ్ "ఇండిఫరెన్స్ కర్వ్" అని బోర్డు మీద గీసింది. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. ఆ గీత నాకు తెలుసు. అది ఉదాసీనతా వక్రరేఖ, బీఏలో దాని మీద నాకు పదిహేనుకు పద్నాలుగు వచ్చాయి. కానీ ఆమె చెప్తున్నది అదేనని తెలియడానికి సగం పీరియడ్ పట్టింది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను, "డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ" అంటే తల వంచుకుని కూర్చున్నాను. రాత్రి హాస్టల్లో ఏడ్చాను. తెలియక ఏడిస్తే ఒక తీరు. తెలిసీ తెలియనిదాన్నయ్యానే అని ఏడ్చాను.

ఆ ఏడాదే నవంబరు ఆఖరులో తెలంగాణ ఉద్యమం ఉస్మానియాలో భగ్గుమంది. క్లాసులు ఆగాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి. నేను పేటకు వచ్చేశాను. ఆ నెలల్లో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత కొట్టాను. ఎడమ వైపు తెలుగు అకాడమీ పుస్తకంలో మాట, కుడి వైపు ఇంగ్లీషు పుస్తకంలో మాట. వ్యాకోచత్వం ఇటు, ఎలాస్టిసిటీ అటు. అవకాశ వ్యయం ఇటు, ఆపర్చునిటీ కాస్ట్ అటు. మాట కింద ఒక వాక్యం, సొంతంగా, రెండు భాషల్లో. అమ్మ పక్కన రాట్నం తిప్పుతుంటే నేను ఇది రాసేదాన్ని. మళ్లీ క్లాసులు మొదలయ్యేసరికి నోట్‌బుక్ ముప్పావు నిండింది. మొదటి సెమిస్టర్ నన్ను దాటించింది ఆ నోట్‌బుక్కే. ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

సార్, మీ అమ్మాయి తెలుగు మీడియం అన్నారు. పీజీ సీటు వచ్చేదాకా ఆగవద్దు. ఈ ఆఖరి సెమిస్టర్లోనే ఆ నోట్‌బుక్ మొదలుపెట్టించండి. మిగతా సలహాలు మరిచిపోయినా ఇది మరవకండి.

ఇక నెట్, అంటే లెక్చరర్ అర్హతకు, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు దేశమంతటికీ పెట్టే పరీక్ష. యూజీసీ నెట్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలోనే ఉంటాయి. 2012 జూన్‌కు ముందు మూడో పేపర్లో వ్యాసాలు రాయాల్సి ఉండేది, తెలుగు మీడియం వాళ్లం అక్కడే ఆగిపోయేవాళ్లం. ఆ జూన్ నుంచి అది కూడా ఆబ్జెక్టివ్ అయింది. నేను ఆ మొదటిసారే రాశాను, పోయింది. పోవడానికి ఒక కారణం సర్టిఫికెట్. నా దగ్గర రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఉంది. నెట్‌కు కావాల్సింది కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్. రెండూ ఒకటే అనుకున్నాను. కాదని తెలిసేసరికి గడువు దగ్గరపడింది, జనరల్ కింద దరఖాస్తు చేశాను. డిసెంబరు పరీక్షకు మా సోషల్ సారే నాయనను బండి ఎక్కించుకుని తిరిగి ఆ కాగితం చేయించారు. ఆ డిసెంబరులో నాకు జేఆర్ఎఫ్ వచ్చింది.

ఆ తండ్రికి చెప్పాల్సిన అసలు ముక్క ఇది సార్. జేఆర్ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసినన్నాళ్లు, ఐదేళ్ల దాకా, నెలనెలా ఇచ్చే పైసలు. నాకు మొదట నెలకు 16,000. తర్వాత 2014లో 25,000 చేశారు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు 37,000, ఆ తర్వాత 42,000. పైన ఇంటి అద్దె భత్యం వేరు. అంటే అమ్మాయి చదువుతున్నా ఇంటికి భారం కాదు. నాకు మొదటి ఏడు నెలలు పైసా పడలేదు, మెస్ బిల్లు కోసం స్నేహితురాలి దగ్గర అప్పు చేశాను. తర్వాత ఒకేసారి పడ్డాయి. అందులోంచి అమ్మకు కళ్లద్దాలు చేయించాను. అప్పటికి ఆమె సూదిలో దారం ఎక్కించలేకపోతోంది, పోగు మాత్రం వేళ్లతో తడిమి అతుకుతోంది.

పీహెచ్‌డీ మా పేట చేనేత మీదే చేశాను. 212 ఇళ్లు తిరిగాను. ప్రశ్నల కాగితం ముందు మా ఇంట్లోనే సరిచూసుకుందామని అమ్మను అడిగాను: "రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?" అమ్మ రాట్నం ఆపకుండానే అంది: "గంటలేంది బిడ్డా, కండెలు అడుగు." అప్పుడు కాగితం చూసుకున్నాను. "నేతపనివారి పేరు" అని ఒకే ఒక గడి. సొసైటీ పాస్‌బుక్‌లో పేరు నాయనది, నా కాగితంలోనూ నాయనదే. చుట్టే చేతులకు నేనే గడి పెట్టలేదు. ఆ రాత్రి కాగితం మొత్తం తిరగరాశాను. కండెలు చుట్టేది ఎవరు, రోజుకు ఎన్ని, దానికి విడిగా మజూరి ఉందా? నా థీసిస్‌లో పనికొచ్చిన అధ్యాయం అదొక్కటేనని నాకే అనిపిస్తుంది.

మీ అమ్మాయి పదో తరగతిలో అడిగిన రెండో ప్రశ్న చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను సార్. ఎత్తు మీదికి నీళ్లెక్కించే ఖర్చు ఎవరు లెక్క కట్టారు, ఎవరి లాభాన్ని ఆ లెక్కలో వేశారు, ఎవరిని వదిలేశారు? అది పీహెచ్‌డీ ప్రశ్న. తండాలో పుట్టిన పిల్లకు ఆ ప్రశ్న మాటలు ముందే తెలుసు, బయటివాళ్లు ఏడాది తిరిగినా తెలియవు.

ఫిజిక్స్ సార్ చెప్పిన చేదు కూడా నేను దాటి రాలేదు. 2018లో వైవా అయింది. తర్వాత ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 15,000కు చేరాను. 2020లో కరోనా రాగానే ఐదు నెలలు జీతం ఆపేశారు. పాప చిన్నది. పుట్టింటికి వచ్చి పగలు కండెలు చుట్టి, సాయంత్రం ఫోన్లో క్లాసులు చెప్పాను. తర్వాత గెస్ట్‌గా పీరియడ్ల లెక్కన. 2023 ఏప్రిల్‌లో గురుకులాల బోర్డు డిగ్రీ కాలేజీలకు 868 పోస్టుల నోటిఫికేషన్ ఇచ్చింది. లెక్చరర్లు, లైబ్రేరియన్లు, ఫిజికల్ డైరెక్టర్లు అందరూ కలిపి 868. ఆ ఆగస్టులో పరీక్ష రాశాను. 2024లో చేరాను. పదో తరగతి తర్వాత సరిగ్గా ఇరవై ఏళ్లు.

ఇరవై అనగానే ఆ తండ్రి గుండె జారిపోతుంది. కాబట్టి విడగొట్టి చెప్పండి. ఎంఏ రెండేళ్లు, ఇంటి నుంచి కొంత ఖర్చు. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే ఆ తర్వాత ఐదేళ్లు ఖర్చు లేదు, తిరిగి ఇంటికి పంపుతుంది. ఆపైన రెగ్యులర్ ఉద్యోగం ఎన్నడొస్తుందో ఎవరూ చెప్పలేరు, దాన్ని మాత్రం దాచవద్దు. నెట్ రాకపోతే? అప్పుడు ఫిజిక్స్ సార్ చెప్పిన బీఈడీ. నేను ఆయనతో విభేదించేది వరుస దగ్గరే. బీఈడీ పీజీ తర్వాత చేసినా అవుతుంది. గురుకులాల్లో పీజీటీ, అంటే పీజీ టీచర్ పోస్టులకు పీజీ, బీఈడీ రెండూ కావాలి. మొదట బీఈడీలో చేరి ఉద్యోగం పట్టిన ఆడపిల్లను, మళ్లీ హైదరాబాద్ పోయి ఎంఏ చదువుకోమని మన ఇళ్లలో ఎవరు పంపుతారు? నేనైతే చూడలేదు.

ఎంఏ ఫస్టియర్, ఎల్లారెడ్డిగూడెం

సార్, నేనూ తండా నుంచే. ఇప్పుడు నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పీజీ మొదటి సంవత్సరం. పోయినేడే ఇదంతా చేశాను కాబట్టి గుర్తున్నది రాస్తున్నా.

మన రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ ఒకటే ఎంట్రన్స్, సీపీగెట్, ఉస్మానియా పెడుతుంది. 100 ప్రశ్నలు, గంటన్నర. ఉస్మానియా, పాలమూరు, మాది, అన్నీ అందులోనే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఇది పనికిరాదు, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. దాని దరఖాస్తులు చాలా ముందే, డిగ్రీ ఆఖరి పరీక్షలకన్నా ముందే వస్తాయి. మా క్లాసులో సగం మందికి ఆ సంగతి గడువు దాటాక తెలిసింది. ఆ చెల్లెకు ఇప్పుడే చెప్పండి.

ఇంకొకటి. మా ఫ్రెండ్‌కు డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో స్కాలర్‌షిప్ రాలేదని, ఫీజు కడితేనే మెమోలు, టీసీ ఇస్తామన్నారు. కౌన్సెలింగ్ తారీఖు దాటిపోయేది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాగితం ప్రింట్ తీసుకుని వాళ్ల మామతో కలిసి పోతే ఇచ్చారు.

ఉస్మానియాకే పోవాలా, నల్లగొండలో చదివితే తక్కువా అని మా ఇంట్లో కూడా అడిగారు. నేను ఇక్కడ చేరింది అమ్మకు బాగాలేకపోవడం వల్ల. వారానికోసారి ఇంటికి పోయి వంట చేసి పెట్టి వస్తాను. అందుకు నాకు బాధ లేదు.

దేవరకొండ సోషల్ సార్

మీరందరూ ఇంత విడమరిచి రాస్తారని అనుకోలేదు. కండెల సంగతి మా స్టాఫ్ రూంలో గట్టిగా చదివి వినిపించాను. మా తెలుగు మేడమ్ వాళ్లది చండూరు వైపు చేనేత ఇల్లు, ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

రెండు అనుమానాలు. ఒకటి, ఎస్టీ అమ్మాయి కాబట్టి నెట్‌లో ఏమైనా సడలింపులు ఉంటాయా? రెండు, జేఆర్ఎఫ్ రాకుండా ఉత్త నెట్ మాత్రమే వస్తే పీహెచ్‌డీలో చేరవచ్చా, చేరాలా?

పేట ఎకనామిక్స్

పీజీలో జనరల్ వాళ్లకు 55 శాతం ఉండాలి, ఎస్టీలకు 50 చాలు. కానీ 50 దగ్గర ఆగిపోవద్దని చెప్పండి, ఇంటర్వ్యూల్లో ఆ మార్కులు మళ్లీ చూస్తారు. జేఆర్ఎఫ్‌కు వయసు 30, ఆడపిల్లలకు, ఎస్టీలకు 35 దాకా. ఎంఏ రెండో సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు, రాయాలి. మొదటిసారి పోయినా పరీక్ష ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. తప్పు జవాబుకు మార్కులు పోవు కాబట్టి ఏ ప్రశ్నా వదలొద్దు. మొదటి పేపర్ 50 ప్రశ్నలు అందరికీ ఒకటే, అది ఈ ఏడాది నుంచే చదువుకోవచ్చు. మన రాష్ట్రం సెట్ కూడా రాయమనండి. అది పాసైతే లెక్చరర్ అర్హత వస్తుంది కానీ ఫెలోషిప్ రాదు.

రెండో ప్రశ్నకు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ గానీ సెట్ గానీ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూజీసీ మార్చింది. కాబట్టి ఫెలోషిప్ లేకుండా, ఇంటి పైసలతో పీహెచ్‌డీలో చేరొద్దని నా గట్టి మాట. నా తోటివాళ్లు ముగ్గురు అట్లా చేరి, మధ్యలో ప్రైవేటు కాలేజీల్లో పనికి పోయి, అటు థీసిస్ అవక ఇటు జీతం నిలవక నలిగిపోయారు. అయితే ఎస్టీ విద్యార్థులకు ఇంకో తలుపు ఉంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. జేఆర్ఎఫ్ రాకపోతే దానికి దరఖాస్తు చేయాలి.

నేను ఇప్పుడు చెప్పేది ఆడపిల్లల రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలో. మొదటి రోజు బోర్డు మధ్యలో గీత కొట్టి రెండు వైపులా మాటలు రాస్తాను. మీ అమ్మాయి ఒక ఆదివారం రాగలిగితే ఆ నోట్‌బుక్ ఇస్తాను, జిరాక్స్ తీసుకుని తిరిగి ఇస్తే చాలు.

నల్లగొండ ఫిజిక్స్

మేడమ్ చెప్పిన వరుసకు నేను ఒప్పుకుంటున్నాను. నాకు ఫెలోషిప్ రాలేదు, సొంత పైసలతో పీహెచ్‌డీ చేశాను. నా మాటలో చేదు అక్కడి నుంచి వచ్చింది. నెట్ మొదటి పేపర్లో డేటా ఇంటర్‌ప్రిటేషన్, రీజనింగ్ దగ్గర ఆర్ట్స్ పిల్లలు తడబడతారు. ఆ అమ్మాయి నల్లగొండలోనే ఉంది కదా సార్, శనివారం సాయంత్రాలు నేను చెప్తాను. హాస్టల్లో ఇంకెవరైనా ఉంటే వాళ్లనూ తీసుకురమ్మనండి. ఫీజు మాట ఎత్తొద్దు.

దేవరకొండ సోషల్ సార్

నిన్న ఆదివారం తండాకు పోయాను. వేపచెట్టు కింద మంచం వేశారు. పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు గీతలు గీసి చెప్పాను. మొదటి గీత ఎంఏ, రెండేళ్లు, ఖర్చు ఇంత. రెండో గీత ఫెలోషిప్, వస్తే నెలకు ఇంత. మూడో గీత దగ్గర ఏమీ రాయకుండా వదిలేసి, ఇది ఎన్నడు వస్తుందో నాకే కాదు, ఎవరికీ తెలియదు అని చెప్పాను.

ఆయన ఆ ఖాళీ జాగ వైపే చాలాసేపు చూశాడు. "ఇది రాకపోతే బడి పంతులన్న అయితదా సార్, మీలెక్క?" అన్నాడు. అవుతుంది, బీఈడీ చేస్తే అని చెప్పాను. 37,000 అన్న దగ్గర మళ్లీ వేలు పెట్టి, "ఇది చదువుకుంటనే ఇస్తరా?" అని అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తల్లి లోపలి నుంచి, "గా కాయిదం పారేయకు, దాసిపెట్టు" అంది. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, గడపలో కూర్చుని గోరు కొరుక్కుంటోంది.

లేచి వస్తుంటే ఆయనే ఆటో తాళం తీసుకుని వెంట వచ్చాడు. "కులం సర్టిఫికెటు కొత్తది చేయించాలె అంటిరి కద సార్. బుధవారం నాకు గిరాకి ఉంటది. బేస్తవారం పొద్దుగాల మీసేవకు పోదామా?"

పేట ఎకనామిక్స్

పొండి సార్. పోయేటప్పుడు పదో తరగతి మెమో, ఆధార్ రెండూ పట్టుకుని, పేరులో ఇంటిపేరు, అక్షరాలు ఒకే తీరుగా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, నెట్ దరఖాస్తు నాటికి ఆగొద్దు. నోట్‌బుక్ బీరువాలోంచి తీసి బయట పెట్టాను.